రెండో పేరు

మొన్న వినాయకచవితికి మా సరూర్‌నగర్ కాలనీ పందిట్లో కుర్రాళ్లు ‘పాండవోద్యోగం’లోని రాయబారం సీను వేశారు. మైకు పట్టుకున్న అబ్బాయి, “ఈ పద్యాలు రాసినవారు తిరుపతి వేంకటకవి గారు. ఆయన...” అంటూ మొదలెట్టాడు. “ఆయన కాదు నాయనా, ఇద్దరు!” అని లేవబోయాను. పక్కింటి పిన్నిగారు చెయ్యిపట్టి కూచోబెట్టారు.

“పోనీవమ్మా! వాళ్లకు కావలసిందీ అదేగా!”

ఆ మాట ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో పుట్టారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో. ఇద్దరిదీ గోదావరి సీమే. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర చదువుకుంటూ జంట కట్టారు. జంటకవులు మనకు కొత్తకాదనుకోండి. 15వ శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగన కలిసి ‘ప్రబోధచంద్రోదయం’ తెలుగు చేశారు. కానీ అవధానాన్ని ఊరూరా మోసుకెళ్లింది మాత్రం వీళ్లే. ఒకరు ఒక పాదం చెబితే రెండోవారు తరువాతి పాదం అందుకునేవారు. గద్వాల, ఆత్మకూరు సంస్థానాల దాకా వచ్చి మెప్పించారు. తమను గెలిచే కవి ఉంటే తీసేస్తామని మీసాలు కూడా పెంచారు!

అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది వాళ్ల ఒప్పందం. ఎవరు రాసినా ఇద్దరి పేరునే చెలామణీ కావాలి. వినడానికి తేలికే. మన వంటిళ్లలో చూడండి, పులుసు కుదిరితే “నేను చేశాను”, ఉప్పెక్కువైతే “ఆవిడ వేసింది” అనని తోడికోడళ్లు ఎందరున్నారు?

1920లో తిరుపతిశాస్త్రి పోయారు. అప్పటికి వేంకటశాస్త్రిగారికి యాభై ఏళ్లు. ఇక పుస్తకం మీద తన పేరొక్కటే వేసుకున్నా అడిగేవారెవరు? ఆయన అలా చేయలేదు. ఒంటరిగా రాసిన పద్యాలకు కూడా జంట పేరే పెట్టుకున్నారు. 1949లో మద్రాసు ప్రభుత్వానికి ఆస్థానకవి అయ్యారు, మరుసటి ఏడు కన్నుమూశారు. బందరులో ఆయన దగ్గర చదువుకున్న పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూడా జంటగానే ‘సౌందరనందం’ రాశారు. గురువుగారి దగ్గర వాళ్లు నేర్చింది ఛందస్సొక్కటే కాదన్నమాట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాదీ ఒక జంటకథ ఉంది. కాలేజీ రోజుల్లో నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక కథ రాశాం. ఊహ నాది, సంభాషణలన్నీ తనవి. సాపు రాసి పోస్టు చేసింది నేను. అచ్చులో నా పేరొక్కటే వచ్చింది. దిద్దుకోమని ఒక్క కార్డుముక్క రాస్తే పోయేది. రాయలేదు. తను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత మేం కలిసి ఏమీ రాయనూలేదు.

ఆ కథ ఇప్పుడు నా సంపుటిలో వస్తోంది. పందిట్లోంచి వచ్చిన రాత్రే ప్రూఫులు తీసి, కథ కింద నా పేరు పక్కన తన పేరు కూడా రాశాను. పొద్దున్నే ఫోను చేసి చెప్పాను.

“ఏ కథే?” అంది.

మరిచిపోయిందో, నన్ను క్షమించిందో అడగలేదు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.