కార్న్‌ఫర్త్ స్టేషను గడియారం

ఇంగ్లండులోని లాంకషైరు సీమలో కార్న్‌ఫర్త్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1846లో అక్కడ రైలు స్టేషను వెలసింది. 1857లో ఒకటి, 1867లో మరొకటి కొత్త మార్గాలు వచ్చి కలియడంతో అది ముఖ్యమైన కూడలి అయినది.

శ్రోతలలో చిత్రప్రియులకు 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' జ్ఞాపకముండవచ్చు. 1945 ఫిబ్రవరిలో, యుద్ధం ముగియకముందే, డేవిడ్ లీన్ ఆ చిత్రం కోసం రాత్రివేళల ఈ స్టేషనులో దృశ్యాలు తీశాడు. ఆ చోటు లండనుకు దూరం గనుక, విమానదాడి హెచ్చరిక అందితే దీపాలు ఆర్పుకొనే వ్యవధి ఉంటుందని భావించారు. వేర్వేరు సంసారాలు గల స్త్రీపురుషులిద్దరు కలుసుకొని, ఎడబాటుకు క్షణాలు లెక్కించుకొన్న కథలో స్టేషను గడియారం కూడా ఒక పాత్రే.

తరువాత దశ మారింది. 1968లో ఆవిరియంత్రాల షెడ్డు మూతపడింది. 1970లో ప్రధానమార్గపు ప్లాట్‌ఫారాలు మూసివేశారు. భవనాలు శిథిలమైనవి, గడియారం సైతం పరుల చేతికి పోయింది.

1996లో స్థానికులు పూనుకొని ఒక ట్రస్టు స్థాపించారు. గడియారాన్ని వెదకి తెచ్చి యథాస్థానంలో నిలిపారు. 2003లో భవనం వారసత్వ కేంద్రంగా తెరుచుకొన్నది. అందులోని ఫలహారశాలను చిత్రంలోని దాని పోలికనే తీర్చారు. అయితే చిత్రంలో కనిపించినది డెన్‌హామ్ స్టూడియోలో వేసిన సెట్టు! నకలును చూచి అసలును దిద్దుకొన్నారన్నమాట. దీనిని మేము తప్పుపట్టము. జనం తలపులో నిలిచిన స్టేషను అదే గదా.

పక్క మార్గాల రైళ్లు అక్కడ ఆగుతున్నవి. లండను–గ్లాస్గో రైళ్లు మాత్రం నేటికీ ఆగకుండా వేగంగా సాగిపోతున్నవి.