ఓరుగల్లు ముట్టడి - ఢిల్లీ బాట

కాకతీయుల రాజధానియగు ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల వశమయ్యెను. ఆంధ్రదేశ చరిత్రను రెండుగా విభజించిన సంవత్సరమది. పారసీక చరిత్రకారులు ఈ పోరాటమును మతయుద్ధముగా వర్ణించిరి. తరువాతి కాలపు మన శాసనకర్తలును దీనిని ధర్మమునకు వాటిల్లిన విపత్తుగనే పేర్కొనిరి. ఉభయుల మాటలును త్రోసివేయదగినవి కావు. అయినను ముట్టడి వివరములను పరిశీలించినచో, ఆ యుద్ధమును నడపినది ధనాగారమనియు, దానిని తేల్చినది ధాన్యాగారమనియు స్పష్టపడును.

ఓరుగల్లు దుర్గము సామాన్యమైనది కాదు. గణపతిదేవుని కాలమున ఆరంభమై రుద్రమదేవి కాలమున పూర్తియైన రాతికోటకు 45 బురుజులుండెను. దానిచుట్టు అగడ్త, ఆవల విశాలమైన మట్టికోట, దానికిని వేరొక అగడ్త. నగరమధ్యమున స్వయంభూదేవాలయము వెలసియుండెను. ఆ ఆలయమునకు నలుదెసల నిలిపిన శిలాతోరణములను నేటికిని చూడవచ్చును. ఈ కోట యెవరి చేతనున్నదో, గోదావరీ కృష్ణానదుల నడిమి సీమయు, మోటుపల్లి రేవు వర్తకమును వారి చేతనుండెడివి. ఢిల్లీ దృష్టి దానిపై పడుటలో వింత లేదు.

1303లో అలాఉద్దీన్ ఖిల్జీ పంపిన తొలి సేన విఫలమై మరలినది. 1309 అక్టోబరులో మాలిక్ కాఫూర్ ఢిల్లీనుండి బయలుదేరెను. అతనికి సుల్తాను చేసిన ఆదేశమును బరనీ తన చరిత్రలో తెలిపియున్నాడు. రాజు ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను సమర్పించి, ఏటేట కప్పము కట్టుట కంగీకరించినచో అంతటితో తృప్తిపడవలెననియు, రాజ్యము కొఱకు పట్టుపట్టరాదనియు దాని సారాంశము. దండయాత్రను మతము పేర వర్ణించినవారు కవులు. దాని జమాఖర్చులు చూచుకొన్నవాడు సుల్తాను.

1310 జనవరిలో సేన ఓరుగల్లు చేరెను. మట్టిగోడ ఎంత గట్టిదనగా, యంత్రములు విసరిన రాళ్లు దానికి తగిలి వెనుకకు ఎగిరిపడెడివని అమీర్ ఖుస్రో వ్రాసెను. కోటలోనివారు ఒక రాత్రి వెలువడి శత్రు శిబిరముపై దాడి చేసిరి గాని ఫలింపలేదు. తుదకు ముట్టడిదారులు మట్టికోటను పట్టుకొనిరి. రాతికోట ఇంకను నిలిచియుండగనే ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. మార్చిలో మరలిన కాఫూర్ వెంట వేయి ఒంటెల బరువు ధనము పోయినదని ఖుస్రో లెక్క. రాజు గద్దె రాజునకే మిగిలెను.

1320లో ఖిల్జీ వంశ మంతరించి, గియాసుద్దీన్ తుగ్లక్ గద్దెనెక్కెను. ఆ కలవరములో ఓరుగల్లు కప్పము నిలిచిపోయెను. సుల్తాను తన కుమారుడగు ఉలుగ్‌ఖానును పంపెను. ఇతడే తరువాతి మహమ్మద్ బిన్ తుగ్లక్. మాసములు గడచినను కోట లొంగలేదు. ఇంతలో ఢిల్లీ వార్తలు రాక నిలిచెను. సుల్తాను మరణించెనను వదంతి శిబిరమంతట వ్యాపించెను. సేనానులు చీలిపోయిరి. ఉలుగ్‌ఖాన్ దేవగిరికి వెనుదిరిగెను.

ఓరుగల్లు భవిష్యత్తు ఇచ్చటనే నిర్ణయమయ్యెను. శత్రువు ఇక రాడని నమ్మి, కోటలోని ధాన్యపు కొట్లను ఖాళీచేసిరి. కొలది మాసములలోనే ఉలుగ్‌ఖాన్ క్రొత్త బలగముతో, బీదరును బోధనును పట్టుకొనుచు తిరిగివచ్చెను. గోడలు వెనుకటివే, అగడ్తలును వెనుకటివే. కొరవడినది తిండిగింజ. సుమారు అయిదు నెలల ముట్టడి పిమ్మట ప్రతాపరుద్రుడు లొంగిపోయెను. నగరమునకు సుల్తాన్‌పూరను పేరు పెట్టబడెను. బందీయై ఢిల్లీకి కొనిపోబడుచున్న రాజు నర్మదాతీరమున తనువు చాలించెనని ప్రోలయ నాయకుని విలస శాసనము తెలుపుచున్నది. సుమారు 1336లో కాపయ నాయకుడు ఓరుగల్లును మరల స్వాధీనము చేసికొనెను.

రాజు పూర్తిచేయలేని ప్రయాణమును అతని కొలువువాడొకడు పూర్తిచేసెను. తెలంగాణమునుండి వచ్చిన ఇతడు ఢిల్లీలో మతము మార్చుకొని మక్బూల్ అను పేరొందెనని షమ్స్ సిరాజ్ అఫీఫ్ వ్రాసెను. మారన కవి మార్కండేయపురాణమును అంకితమందిన గన్నయ సేనానియే ఇతడని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. చదువు రాకున్నను బుద్ధికుశలుడగు ఇతడు ఫిరోజ్‌షా తుగ్లక్ కాలమున ఖాన్-ఇ-జహాన్ బిరుదముతో ప్రధానమంత్రి యయ్యెను. సుల్తాను సింధు దండయాత్రలో నెలల తరబడి జాడ తెలియకపోగా, రాజధానిలో అలజడి రేగకుండ కాచినవాడితడే. ఒకప్పుడు వార్తలు రాకపోవుటచే ఓరుగల్లు ఎదుట ఢిల్లీ సేన చెదరిపోయెను. వార్తలు రాని వేళ ఢిల్లీని చెదరనీయనివాడు ఓరుగల్లువాడే యగుట గమనింపదగినది.

ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గాకు సమీపమున, ఇండ్ల నడుమ, ఇతని అష్టకోణపు సమాధి కలదు. ఈ నగరమున ఆ రీతి సమాధులలో అదియే మొదటిదందురు. లోడీ తోటలోని మహమ్మద్‌షా సమాధి ఆ ఫక్కిని అనుసరించినదే. ఇతని పేరు మారినది, మతము మారినది, కొలువు మారినది. అయినను చరిత్రలో ఇతడు ఖాన్-ఇ-జహాన్ తిలంగానీగనే నిలిచియున్నాడు. పుట్టిన సీమ పేరు ఒక్కటి మాత్రము అతనిని విడువలేదు.