ముప్పది తొమ్మిదవ వారము

కాన్పు ఎప్పుడు వచ్చునో ఒకప్పుడు ఎవరి చేతిలోను లేదు. నేడు సిజేరియన్ ఆపరేషనుకు తారీఖు, గంటకూడ ముందే నిర్ణయించుచున్నారు. కొందరు ముహూర్తము చూతురు, కొందరు సెలవు దినము చూతురు. ఆ తారీఖును ఎంత ముందుకు జరుపవచ్చును? దీనికి జవాబు తేలుటకు అర్ధశతాబ్దము పట్టినది.

1882లో జర్మనీ వైద్యుడు మాక్స్ సాంగర్ గర్భసంచిని కుట్టు పద్ధతిని వివరించిన పిమ్మట తల్లులు బ్రతుకుట ఎక్కువాయెను. కాని నెలలు నిండక పుట్టిన బిడ్డలు కొందరు ఊపిరాడక గంటలలోనే చనిపోవుచుండిరి. 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనువారు కారణమును కనుగొనిరి. ఊపిరితిత్తులలోని సన్నని గాలి తిత్తులు ముడుచుకొనిపోకుండ లోపల సబ్బునీటివంటి పొర ఒకటి ఉండవలెను. ఈ బిడ్డలలో అది చాలదు. 1963 ఆగస్టులో అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు పాట్రిక్ అయిదున్నర వారములు ముందుగా పుట్టి, రెండు దినములకే ఈ జబ్బుతో మరణించెను. అది అత్యవసరముగా చేసిన సిజేరియను, తారీఖు పెట్టుకొని చేసినది కాదు. అయినను ఎంతటి పెద్ద ఆసుపత్రియు ఆ పసివాని ఊపిరి నిలుపలేకపోయెను.

న్యూజిలాండులో లిగిన్స్ అను వైద్యుడు గొర్రెలపై వేరొక సంగతి పరిశోధించుచుండగా, బ్రతుకజాలనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఒకటి ఊపిరి పీల్చుచుండుట చూచెను. దానికి స్టెరాయిడ్ మందు ఇచ్చియుండిరి. 1972లో ఆయనయు, హౌవీయు తల్లులకు ఆ సూదిమందు ఇచ్చి ఫలితమును ప్రకటించిరి.

ఇది బాగా ముందుగా పుట్టు బిడ్డల మాట. 37 వారములు దాటినచో భయము లేదని చాలమంది తలంచిరి. 2009లో అమెరికాలోని 19 కేంద్రముల లెక్క వెలువడెను. లోగడ సిజేరియను అయిన తల్లులకు, నొప్పులు రాకముందే, వేరే వైద్య కారణము లేక చేసిన 13,258 కాన్పులవి. శ్వాస కష్టము, రక్తములో చక్కెర తగ్గుట మొదలగు చిక్కులు 37వ వారపు బిడ్డలలో నూటికి 15 మందికి, 38వ వారమున 11 మందికి, 39వ వారమున 8 మందికి కలిగెను. మూడవవంతుకు పైగా ఆపరేషనులు 39 వారములు నిండకముందే జరిగినవి!

ఇది దూరదేశపు సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియనులే. రక్తపు పోటు, రక్తస్రావము వంటి ఆపదలో వైద్యుడు ఆగలేడు, ఆగనురాదు. తారీఖును మనమే కోరినప్పుడు మాత్రము అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: వారములను ఏ స్కానింగును బట్టి లెక్కించిరి? మొదటి మూడు నెలలలో తీసిన స్కానింగు లెక్కలో పొరపాటు కొద్ది దినములే. చివరి నెలలలో తీసినదైతే రెండు, మూడు వారములు కూడ తప్పవచ్చును.