మాయావస్తువుకు అర్థం చెప్పేదెవరు: డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల యాభై ఏళ్ళు

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మాయావస్తువు కథ వరకు ఒక కత్తి, ఒక ఉంగరం, ఒక సంచి. నియమాల పుస్తకంలో మాత్రం అది నాలుగైదు వాక్యాల వర్ణన. ఆట సాగేకొద్దీ ఆ వాక్యాలు రాసినవారు ఊహించని సందర్భాలు ఎదురవుతాయి. రక్షణ ఉంగరాన్నీ మాయాకవచాన్నీ కలిపి ధరిస్తే రెండింటి ఫలమూ దక్కుతుందా? మంత్రదండం ఎన్నిసార్లు పనిచేస్తుంది? దొరికిన వస్తువు ఏమిటో పాత్రకు ఎలా తెలుస్తుంది? దాని ధర ఎంత? కోరికలు తీర్చే ఉంగరాన్ని మరిన్ని కోరికలు ఇమ్మని అడిగితే ఏమవుతుంది? 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడినప్పటి నుంచి ఈ ప్రశ్నలు పెద్దగా మారలేదు. జవాబు చెప్పే అధికారం ఎవరిదన్నదే మారుతూ వచ్చింది. ఒక్కో కూర్పు ఆ అధికారాన్ని ఆట నడిపే వ్యక్తికీ పుస్తకానికీ మధ్య ఒక్కో విధంగా పంచింది.

రెఫరీ మాటే నియమం

ఈ ఆట మూలాలు బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల్లో ఉన్నాయి. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో రూపొందించిన చెయిన్‌మెయిల్ మధ్యయుగపు పోరాటాలకు సంబంధించిన ఆట. దాని చివర చేర్చిన ఫాంటసీ అనుబంధంలో మాంత్రికులు, డ్రాగన్లతో పాటు మాయాఖడ్గాలు కూడా ఉన్నాయి. అలాంటి ఆటల్లో ఇరుపక్షాలకూ చెందని రెఫరీ ఒకరు ఉండడం, సందేహం వస్తే ఆయన తీర్పును అందరూ ఒప్పుకోవడం అప్పటికే ఉన్న ఆచారం.

గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆ ఆచారాన్నే అందిపుచ్చుకుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుంచి టీఎస్ఆర్ సంస్థ దాన్ని మూడు చిన్న పుస్తకాలుగా అచ్చువేసింది. మాయావస్తువుల జాబితా ‘మాన్‌స్టర్స్ అండ్ ట్రెజర్’ అనే రెండో పుస్తకంలో ఉంది. అందులోని వర్ణనలు చాలా క్లుప్తం. ఉదాహరణకు బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనే సంచిలో 10,000 బంగారు నాణేలు పడతాయి, బరువు మాత్రం 300 నాణేల బరువే. ఆ సంచిలో మనిషి దూరితే ఊపిరాడుతుందా, సంచి చిరిగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు లేదు.

అయితే కొన్ని చిక్కులను ఆ పుస్తకం ముందే పట్టించుకుంది. మాయాకవచం, మాయాడాలు రెండూ ఉన్నప్పుడు వాటి శక్తులు ఊరికే కలిసిపోవు. డాలు శక్తి కవచం శక్తి కంటే ఎక్కువైతే, దెబ్బ డాలుకు తగిలే అవకాశం మూడింట ఒకవంతు ఉంటుంది. అలా తగిలినప్పుడే దాని అదనపు ఫలం దక్కుతుంది. ఖడ్గాలకు ప్రత్యేక స్థానం ఇచ్చారు. వాటికి ధర్మపక్షమో అరాచకపక్షమో తటస్థమో అయిన స్వభావం, తెలివి, అహం ఉంటాయి. స్వభావం కుదరని ఖడ్గాన్ని పట్టుకున్నవాడికి గాయమవుతుంది. అహం బలంగా ఉన్న ఖడ్గం యజమానినే తన అదుపులోకి తెచ్చుకోగలదు. మైకేల్ మూర్‌కాక్, పోల్ ఆండర్సన్ వంటి రచయితల ఫాంటసీ కథల ప్రభావం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మూడు కోరికల ఉంగరం విషయంలో ఆ పుస్తకం ఇచ్చిన సలహా ఆనాటి ధోరణికి మంచి నిదర్శనం. ఆట సమతూకం చెడకుండా కోరికలకు హద్దు పెట్టే బాధ్యత రెఫరీదే. అత్యాశతో మరిన్ని కోరికలు కోరిన పాత్రను ఆ ఉంగరం దొరికిన క్షణానికే మళ్ళీ మళ్ళీ వెనక్కి పంపే కాలచక్రంలో పడేయవచ్చు. గొప్ప వస్తువు కావాలని కోరితే, అది సొంతమైనా వాడుకునే వీలులేని స్థితిలో పెట్టవచ్చు. కోరికలోని మాటలను అక్షరాలా పట్టుకుని అర్థం చెప్పడం రెఫరీ చేతిలోని ఆయుధంగా మారింది. నియమాల వ్యాఖ్యానం ఆటలో భాగమైపోయింది.

టోర్నమెంట్లు, ఏకరూపత

1975 నాటి ‘గ్రేహాక్’ అనుబంధం డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ వంటి ప్రమాదకరమైన వస్తువులను పరిచయం చేసింది. 1976 నాటి ‘ఎల్డ్రిచ్ విజార్డ్రీ’ వెక్నా చెయ్యి, వెక్నా కన్ను వంటి అరుదైన పురాతన వస్తువులను తెచ్చింది. ఆట ఊరూరా పాకేకొద్దీ ఒక్కో బల్ల దగ్గర ఒక్కో తీరు ఏర్పడింది. రెఫరీగా ఆట నడిపే నిర్వాహకుల్లో కొందరు నిధులను ఇష్టారాజ్యంగా పంచేవారు. బహుమతులు పంచే టీవీ కార్యక్రమ వ్యాఖ్యాత మాంటీ హాల్ పేరు మీదుగా అలాంటి ఆటలకు వెటకారపు పేరు కూడా పడింది. ఒక చోట సంపాదించిన ఖడ్గంతో మరో చోటికి వెళ్ళిన ఆటగాడికి దాని విలువ ఒప్పించడం కష్టమయ్యేది. సమావేశాల్లో పోటీలు జరిపేటప్పుడు ఈ తేడాలు మరింత ఇబ్బంది పెట్టాయి.

ఏకరూపత కోసం గైగాక్స్ అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను రూపొందించాడు. 1977 నుంచి 1979 వరకు మూడు పెద్ద పుస్తకాలు వచ్చాయి. మాయావస్తువులు చివరిదైన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో ఉన్నాయి. ఆ పుస్తకం ఆటగాళ్ళ కోసం కాదు, నిర్వాహకుడి కోసం. వస్తువు పూర్తి స్వరూపం నిర్వాహకుడికే తెలియాలన్నది దాని వెనుక ఉన్న ఉద్దేశం. అక్కడ ప్రతి వస్తువుకూ రెండు విలువలు ఉండేవి: ఉంచుకుంటే వచ్చే అనుభవ అంకెలు, అమ్మితే వచ్చే బంగారం.

1974 నాటి పుస్తకాలు వదిలేసిన సందులను ఈ పుస్తకం ఒక్కొక్కటిగా పూడ్చింది. మంత్రదండంలో 81 నుంచి 100 ప్రయోగాలు ఉంటాయి. రక్షణ ఉంగరం మామూలు కవచంతో కలిసి పనిచేస్తుంది. మాయాకవచం తొడిగితే దేహరక్షణకు పనికిరాదు గాని, మంత్రాలను తట్టుకునే పాచికలకు ఇచ్చే సాయం అలాగే ఉంటుంది. ఒక మాయాపానీయం ప్రభావం తగ్గకముందే ఇంకొకటి తాగితే ఏమవుతుందో చెప్పే పట్టిక ఉంది. శాతపు పాచికల్లో 01 పడితే పేలుడు, 00 పడితే ఒకదాని ఫలితం శాశ్వతం. బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్‌ను పోర్టబుల్ హోల్ అనే మడతపెట్టగల గోతిలో వేస్తే రెండూ నాశనమవుతాయి. గోతినే సంచిలో వేస్తే చుట్టూ 10 అడుగుల్లో ఉన్నవారందరూ వేరే లోకంలోకి లాగబడతారు. వస్తువుల కలయికను నిషేధించడానికి రాసిన ఆ వాక్యాన్ని ఆటగాళ్ళు ఆయుధంగా మార్చుకున్నారు. రెండింటినీ బాణం మొనలో అమర్చి శత్రువు మీదికి వదలాలన్న ఆలోచన తరతరాల బల్లల మీద చర్చకు వస్తూనే ఉంది.

వస్తువును గుర్తించడం కూడా ఖరీదైన పనే. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’లోని ఐడెంటిఫై మంత్రానికి 100 బంగారు నాణేల విలువైన ముత్యం కావాలి. పైగా మంత్రం వేసినవాడి దేహదారుఢ్యం తాత్కాలికంగా 8 అంకెలు పడిపోతుంది. అందుకే చాలామంది పానీయాన్ని చుక్క నాలుకపై వేసుకుని చూడడం, ఉంగరాన్ని తొడిగి చూడడం వంటి పరీక్షలకే మొగ్గేవారు. టామ్ మోల్డ్‌వే 1981లో కూర్చిన బేసిక్ నియమాలు అలా వాడి తెలుసుకోవడాన్నే మార్గంగా చూపాయి. శాపగ్రస్త వస్తువులు ఎక్కువగా ఉన్న ఆటలో ఆ పరీక్షే ఒక సాహసం.

ఎంత రాసినా సందేహాలు ఆగలేదు. 1979 నవంబరులో ది డ్రాగన్ పత్రికలో ‘సేజ్ అడ్వైస్’ అనే ప్రశ్నోత్తరాల శీర్షిక మొదలైంది. దాన్ని తొలుత జీన్ వెల్స్, తర్వాత చాలా ఏళ్ళపాటు స్కిప్ విలియమ్స్ నిర్వహించారు. దీంతో నిర్వాహకుడు, పుస్తకం కాక మూడో అధికారం ఏర్పడింది. పాఠకులు పంపిన చిక్కు ప్రశ్నలకు ప్రచురణకర్త తరఫున జవాబు అచ్చయ్యేది. నిర్వాహకుడు దాన్ని పాటించాలన్న నిర్బంధం లేకపోయినా, వాదనలో దానికి బరువుండేది. 1989 నాటి రెండో కూర్పు ఈ పద్ధతినే కొనసాగించింది. 1994–95లో నాలుగు సంపుటాల ‘ఎన్‌సైక్లోపీడియా మ్యాజికా’ అప్పటి వరకు వచ్చిన వస్తువులను ఒకచోట చేర్చింది.

లెక్కల కాలం

1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుగోలు చేసింది. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటతో పేరు తెచ్చుకున్న ఆ సంస్థకు నియమవాక్యాలను కచ్చితంగా రాయడం అలవాటు. జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడో కూర్పు 2000లో వచ్చింది. ‘సేజ్ అడ్వైస్’లో ఏళ్ళ తరబడి జవాబులు రాసిన విలియమ్స్ కొత్త నియమాల రచయితల్లో ఒకరు కావడం గమనించదగ్గది.

వస్తువుల కలయికకు ఈ కూర్పు ఒక సూత్రం చెప్పింది. ప్రతి అదనపు ఫలానికీ ఒక జాతి ఉంటుంది. ఒకే జాతివి సాధారణంగా కలవవు, వాటిలో పెద్దదే వర్తిస్తుంది. వేర్వేరు జాతులవి కలుస్తాయి. కవచానిది ఒక జాతి, రక్షణ ఉంగరానిది మరో జాతి కాబట్టి ఇప్పుడు రెండూ కలిపి ధరించవచ్చు. 1979లో నిర్వాహకుడు వస్తువు వర్ణనలో వెతికి చూసుకోవలసిన జవాబును ఇప్పుడు ఏ ఆటగాడైనా సొంతంగా లెక్కగట్టగలిగాడు. మంత్రదండంలో ప్రయోగాలు 50 అని స్థిరపడ్డాయి.

వస్తువులు తయారుచేసే నైపుణ్యాలు, ధరల సూత్రాలు కూడా వచ్చాయి. ఆయుధం ధర లెక్కకు శక్తి అంకె వర్గాన్ని 2,000తో హెచ్చవేయాలి. అంటే +1 ఖడ్గపు మాయకు 2,000 నాణేలు, +5కు 50,000. తయారీకి అందులో సగం బంగారం, కొంత అనుభవం ఖర్చవుతాయి. మాయావస్తువు దైవికంగా దొరికే నిధి స్థాయి నుంచి కొనుక్కునే సరుకు స్థాయికి చేరింది.

కచ్చితత్వం కొత్త రకం వాదాలను తెచ్చింది. నిరంతరం పనిచేసే వస్తువు ధరకు మంత్రం స్థాయి, ప్రయోక్త స్థాయి, 2,000 హెచ్చవేయమని పట్టిక చెబుతుంది. మొదటి స్థాయికి చెందిన ట్రూ స్ట్రైక్ మంత్రం ఒక దెబ్బకు +20 ఇస్తుంది. దాన్ని ఎప్పుడూ పనిచేసే ఉంగరంగా చేస్తే లెక్క ప్రకారం ధర 2,000 నాణేలే. అంటే +5 ఖడ్గంలో ఇరవై అయిదో వంతు ఖర్చుతో దానికంటే నాలుగు రెట్ల ఫలం. ఆ సూత్రాలు అంచనాకే అని, పోలిక ఉన్న ఇతర వస్తువులతో సరిచూసుకోవాలని పుస్తకమే చెప్పింది. అయినా ఆటగాడి చేతిలో పట్టిక, నిర్వాహకుడి చేతిలో హెచ్చరిక ఉన్నాయి. అక్షరానికీ ఉద్దేశానికీ మధ్య తగాదా ఈ కాలంలోనే బాగా ముదిరింది.

2008 నాటి నాలుగో కూర్పు ఈ దారిలో మరింత ముందుకు వెళ్ళింది. మాయావస్తువులను ఆటగాళ్ళ పుస్తకంలోకే తెచ్చింది. ప్రతిదానికీ 1 నుంచి 30 వరకు స్థాయి, నిర్ణీత ధర ఇచ్చింది. శక్తులను ఏ రకపు చర్యతో, ఏ సందర్భంలో, రోజుకు ఎన్నిసార్లు వాడాలో ఒకే నమూనాలో రాసింది. తమకు కావలసిన వస్తువుల జాబితాను ఆటగాళ్ళే నిర్వాహకుడికి ఇచ్చే పద్ధతిని ప్రోత్సహించింది. వ్యాఖ్యానానికి తావు బాగా తగ్గింది. దానితో పాటే అద్భుతం కూడా తగ్గిందన్న విమర్శ వచ్చింది. 2010లో సాధారణం, అసాధారణం, అరుదు అనే తరగతులు ప్రవేశపెట్టి కొన్ని వస్తువులను మళ్ళీ నిర్వాహకుడి అదుపులోకి తెచ్చారు.

ఎదురుగాలి, ఇతర ఆటలు

లెక్కల పెత్తనానికి ఎదురుగా పాత తరహా ఆటల ఉద్యమం బలపడింది. 2008లో మాట్ ఫించ్ రాసిన చిన్న పుస్తకం, నియమాల కంటే అప్పటికప్పుడు ఇచ్చే తీర్పులకే ప్రాధాన్యమని ఆ ఉద్యమ ధోరణిని సూత్రీకరించింది.

కొన్ని ఇతర ఆటలు ఇవే ప్రశ్నలకు వేరే దారులు వెతికాయి. 1993 నాటి ఎర్త్‌డాన్‌లో వస్తువు పూర్వచరిత్ర తెలుసుకునే కొద్దీ దాని శక్తులు ఒక్కొక్కటిగా అందుతాయి. అంటే గుర్తింపు సమస్య అక్కడ కథగా మారింది. 2013లో వచ్చిన 13త్ ఏజ్‌లో వస్తువులకు సొంత వింత అలవాట్లుంటాయి. తన స్థాయి అంకెకు మించిన సంఖ్యలో వాటిని మోసే పాత్రను అవి లోబరుచుకుంటాయి. 1974 నాటి అహంకార ఖడ్గం ఇక్కడ వస్తువుల సంఖ్యకు హద్దుగా తిరిగొచ్చింది. అదే ఏడాది మాంటీ కుక్ తెచ్చిన న్యూమెనెరాలో చాలా వస్తువులు ఒక్కసారి వాడితే అయిపోతాయి కాబట్టి వాటి బలం ఆటను చాలాకాలం దెబ్బతీయదు.

మధ్యేమార్గం

2014లో మైక్ మెర్ల్స్, జెరెమీ క్రాఫర్డ్ నాయకత్వంలో వచ్చిన అయిదో కూర్పు వర్ణనలను మళ్ళీ వాడుక భాషలోకి మార్చి, తీర్పును నిర్వాహకుడికి అప్పగించింది. జాతుల లెక్కకు బదులు అట్యూన్‌మెంట్ అనే హద్దు పెట్టింది. బలమైన వస్తువులు చాలావరకు కొంత విరామ సమయం వెచ్చించి పాత్ర తనతో ముడివేసుకుంటేనే పనిచేస్తాయి. అలా ముడివేసుకోగలిగేవి ఒకేసారి మూడే. రక్షణ ఉంగరం, రక్షణ అంగీ రెండూ కలిసి పనిచేస్తాయి, కానీ మూడు చోట్లలో రెండు వాటికే పోతాయి. మంత్రదండాలు చాలావరకు తెల్లవారగానే కొంత శక్తి తిరిగి పొందుతాయి. చివరి ప్రయోగం కూడా వాడేస్తే పాచిక పడినదాన్ని బట్టి దండం పొడి అయిపోవచ్చు. గుర్తించడానికి చిన్న విరామంలో వస్తువు మీద ధ్యాస పెడితే చాలు. 1978 నాటి 100 నాణేల ముత్యం ఐడెంటిఫై మంత్రంలో ఇప్పటికీ ఉంది.

ధరలను మాత్రం ఈ కూర్పు వదులుగా ఉంచింది. అరుదైన వస్తువు విలువ 501 నుంచి 5,000 నాణేల మధ్య ఎంతైనా కావచ్చని 2014 పుస్తకం చెప్పింది. వాడుక భాష సందేహాలనూ వెంట తెచ్చింది. 2015లో ‘సేజ్ అడ్వైస్’ను ఆన్‌లైన్లో పునరుద్ధరించి క్రాఫర్డ్ జవాబులు రాశాడు. ట్విట్టర్లో ఆయన ఇచ్చిన పొట్టి జవాబులను కూడా ఆటగాళ్ళు తీర్పులుగా చూపేవారు. తర్వాత అధికారిక జవాబులు ‘సేజ్ అడ్వైస్’ సంకలనానికే పరిమితమని సంస్థ తేల్చింది. సాధారణ నియమానికీ ప్రత్యేక నియమానికీ పొసగకపోతే ప్రత్యేకమే చెల్లుతుందని, ఒకే పేరున్న రెండు ప్రభావాలు కలవవని చెప్పిన సూత్రాలు చాలా వాదాలకు తొలి కొలమానమయ్యాయి.

2024లో సవరించిన పుస్తకాలు రెండు ధోరణులనూ కలుపుకున్నాయి. అరుదైన వస్తువుకు 4,000, చాలా అరుదైనదానికి 40,000 అంటూ తరగతికొక స్థిరమైన ధర ఇచ్చి, తయారీ నియమాలను మెరుగుపరిచాయి. మాయాపానీయం తాగడానికి 2014లో పాత్ర తన వంతులోని ప్రధాన చర్యను వదులుకోవలసి వచ్చేది. చాలా బల్లల దగ్గర నిర్వాహకులు దాన్ని చిన్న చర్యగా సడలించారు. 2024లో ఆ సడలింపే అచ్చు నియమమైంది. ప్రచురణకర్త నుంచి బల్లకు సాగిన వ్యాఖ్యానం ఈసారి బల్ల నుంచి పుస్తకంలోకి చేరింది.