పిడికెడు కొర్రలు

ఆ కందికట్టె నాలుగు పుల్లలు లోపలికి ఎగదొయ్యి అబ్బీ, మంట తగ్గుతాంది. నీ మొగం చూస్తేనే తెలుస్తాంది, కాలేజీలో ఎవుడో ఏందో అన్నాడని. "మీ తాతలు సంగటి కోసం క్రైస్తవంలో కలిసినోళ్ళు గదరా" అన్నాడా? అంతేనా? ఈ మాట నన్ను ప్రొద్దుటూరు సంతలో అన్నారు. నాకంటే ముందు మా నాయనను అన్నారు. అనేవాళ్ళు మారతాండారు గానీ మాట మారలేదు.

నాకు దానికి కోపం రాదు. నిజమే, కొందరు ఆకలికే కలిసినారు. అయితే ఏమి?

మా జేజి వాళ్ళ నాయన ధాత కరువు చూసినోడు. ఇంగ్లీషు లెక్కలో 1876 నుంచి 78 దాకా. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, మన కడప అందరికంటే ముందు మాడిపోయినాయి. బలుసాకు ఉడకేసుకొని తిన్నారు. అది కూడా అయిపోయినాక కరువు పనికి పోయి రాళ్ళు కొట్టినారు. రిచర్డ్ టెంపుల్ అని ఒక పెద్ద దొర వచ్చి, సర్కారుకు ఖర్చు ఎక్కువైతాందని కూలి తగ్గించినాడు. దినానికి ఒక పౌండు గింజలు, మొగోనికి పైన ఒక అణా. పౌండంటే అర్ధకిలో కూడా లేదు. దినమంతా రాళ్ళు కొట్టే మనిషికి అదేం సాలుతుంది? మద్రాసులో కార్నిష్ అనే డాక్టరు దొర ఇది మనిషి బతికే కూలి కాదని పోట్లాడినాక కొంచెం పెంచినారు. అప్పటికే పోయినోళ్ళు పోయినారు. మా జేజి వాళ్ళ నాయనకు నలుగురు అన్నదమ్ములంట. కరువు దాటినోడు ఆయనొక్కడే.

ఇక ఆ పొద్దు ఒంగోలు పక్క ఏం జరిగిందో చెప్తా, విను. ఈ కత నేను ఎంతమందికి చెప్పినా నమ్మరు గానీ పుస్తకాల్లో ఉండాది. క్లౌ దొర అని అమెరికా బాప్తిస్టు మిషనోడు. సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తాంటే, కొన్ని మైళ్ళ తవ్వకం తన పేరున కంట్రాక్టు తీసుకొని వేలమంది కరువోళ్ళకు పని ఇచ్చినాడు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టినాడు. పొద్దంతా పని చేయించేది, మధ్యలో కూచున్నప్పుడు వాక్యం చెప్పేది. జనం "మమ్మల్ని కలుపుకోండి" అని ఎగబడినారు. ఆయన ఒప్పుకోలేదు. కరువు కూలి నడిచినన్నాళ్ళు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చినారో దేవుని కోసం వచ్చినారో గింజలు అయిపోయినాక చూద్దామని ఆయన లెక్క. సాయం నిలిపేసినారు, అయినా జనం తిరిగి వచ్చినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినారు. వాళ్ళల్లో ఎక్కువమంది మాదిగలు.

అంతకంటే ముందు కత కూడా తెలుసుకో. ఆ పక్క మాదిగలలో ముందు నమ్మినోడు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన వచ్చింది 1866లో, కరువుకు పదేండ్ల ముందు. తోళ్ళ బేరం చేసేవాడు, అంతకుముందే గురువుల కాడ యోగం నేర్చుకొని శిష్యులను పెట్టుకున్నోడు. మన కడపలో కూడా అంతే గదా. బ్రహ్మంగారి కాలి కాడ కూచున్న శిష్యుడు కక్కయ్య ఎవరు, మాదిగోడు కాదా? పై కులమోళ్ళు గుడి వాకిలి మూసినా, దేవుణ్ణి వెతకడం మనోళ్ళు యాడ ఆపినారు? కడపకు లండన్ మిషనోళ్ళు 1822లోనే వచ్చినారు. ధాత కరువు అప్పటికి ఇంకా 54 ఏండ్లు ఉండాది.

ఇంత చెప్పి కూడా, ఆకలికి వచ్చినోడు తక్కువ, వెతుక్కుంటా వచ్చినోడు ఎక్కువ అని నేను అనను. తప్పిపోయిన కొడుకు కత బైబిల్లో నువ్వు ఎన్నిసార్లు వినలేదు? వాడు ఇంటికి ఎందుకు మళ్ళినాడు? నాయన మీద ప్రేమ పొంగుకొచ్చా? కాదు. పందులకు వేసే పొట్టు కూడా వానికి ఎవరూ పెట్టక. నాయన ఇంట్లో కూలోళ్ళకు కూడా కడుపు నిండా తిండి ఉందని గుర్తొచ్చి లేచినాడు. మరి నాయన "నువ్వు సంగటి కోసం వచ్చినావురా" అన్నాడా? ఎదురు పరుగెత్తి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. కృప అంటే అదే అని మాకు చెప్పినారు. వట్టి చేతులతో రమ్మనే బోధలో, వట్టి చేతులతో వచ్చినోణ్ణి ఎగతాళి చేయడం నాకు అర్థం కాదు.

పాపం సంగతి చెప్పాలంటే, అది మనోళ్ళకు కొత్త మాట కాదు. పుట్టినప్పటి నుంచి వింటానే ఉండిరి. "పోయిన జన్మలో పాపం చేసినారు, అందుకే ఈ పల్లెలో పుట్టినారు" అని. ఉపదేశి వచ్చి "మీరు పాపులు" అంటే ఎవరికేం బాధ? తెలిసిందే గదా అనుకుంటారు. కానీ ఆయన ఇంకొక మాట చేర్చినాడు: ఊర్లో రెడ్డి కూడా పాపే, కడపలో కలెక్టరు దొర కూడా పాపే, మీకు చెప్పే నేను కూడా పాపినే. ఆ మాట మా జేజి చెప్పేటప్పుడు నవ్వేది. పాపం అందరికీ సమంగా పంచితే మనకు వచ్చేది తక్కువే గదా అనేది.

గుడిలో పాడే పాటలు కూడా అట్లే పని చేసినాయి. పురుషోత్తమ చౌదరి అని ఒకాయన, 1803లో బ్రాహ్మణ ఇంట పుట్టినోడు, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కట్టిన కీర్తనలు మనం ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాడతాండాం. అంత పుట్టుక పుట్టినాయన తనను తాను పాపి అని పాట కట్టుకుంటే, ఆ పాటనే మా పల్లెలో జీతగాడు ఎత్తుకొని పాడినాడు. ఒకే పాట, ఒకే మాట. రచ్చబండ మీద పక్కపక్కన కూచోబెట్టని ఇద్దరినీ ఆ పాట ఒక వరసలో నిలబెట్టింది.

ఉపదేశులనంతా పొగుడుతాండానని అనుకోవద్దు. వాళ్ళ పాపాల పట్టీ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆదివారం పని చేయకూడదు, సరే. చచ్చిన గొడ్డు తినకూడదు, అది కూడా సరే, ఒంటికి మంచిదే. సారాయి తాగకూడదు. రెండో పెండ్లాం ఉండకూడదు. తిరనాళ్ళకు పోకూడదు. మా జేజి పెండ్లయిన కొత్తలో శివరాత్రికి పొలతల పోయింది. మొక్కుకు కాదు, గాజులు తొడిగించుకోను. పొలతల మనకెంత దూరం? చేతికి గాజులు కనపడినాయని ఆయమ్మను బల్లకు దూరం పెట్టినారు. ప్రభువు బల్లకు రానియ్యలేదు! అదే ఏడు జీతగాళ్ళకు కొలిచే గింజల్లో ఊరి ఆసామి సగం ఎగ్గొట్టినాడు. ఆయన మన మతం కాదు గదా అని ఆ మాట ఎవరూ ఎత్తలేదు. గాజులు పాపమై, కూలి ఎగ్గొట్టడం లోకరీతి అయింది. నా మాటకైతే ఆ పట్టీలో మొదట రాయాల్సింది కూలి సంగతే. ప్రవక్తలు రాసినారు, ఉపదేశులు దాటేసినారు.

కృప మాట కూడా తిక్కగా పట్టుకున్నోళ్ళు ఉండిరి. మాకు పెదనాయన వరస అయ్యే ఒకాయన బాగా తాగేవాడు. మందలిస్తే, "కృప ఉండాది గదా అయ్యవారూ, నేను ఎంత తాగితే అంత ఎక్కువ కృప కావల్ల, దేవునికి పని కల్పిస్తాండా" అనేవాడు. ఉపదేశి తిట్టలేదు. "నీ అప్పు కాగితం చింపేసిన ఆసామి చేన్లోనే రాత్రి పోయి కంకులు కోస్తావా?" అని అడిగినాడు. పెదనాయన ఏమీ అనలేదు. తాగడం మానలేదు కూడా, అబద్ధం ఎందుకు. కానీ ఆ మాటను ఆయనే మళ్ళీ మళ్ళీ జనానికి చెప్పేవాడు, తాగినప్పుడు ఇంకా ఎక్కువ చెప్పేవాడు.

జమ్మలమడుగు ఆసుపత్రి గురించి కూడా అంటారు, మందు పెట్టి మతం పెట్టినారని. దాన్ని లండన్ మిషను నుంచి వచ్చిన క్యాంబెల్ డాక్టరు పెట్టినాడు, 1890లలో. చుట్టుపక్కల అన్ని కులాల ఆడోళ్ళు కాన్పుకు ఆడికే పోయేవాళ్ళు. వైఎస్ రాజశేఖర రెడ్డి డాక్టరు చదివినాక మొదట కొన్నాళ్ళు పని చేసింది ఆ ఆసుపత్రిలోనే. అక్కడ వైద్యం చేయించుకున్నోళ్ళంతా కలిసి ఉంటే జమ్మలమడుగులో ఈ పొద్దు గుళ్ళు సాలేవి కావు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. మా జేజి గురిగి సంగతి.

మా ఇంట్లో పొయ్యి పక్కన, రోలు వెనక ఒక గురిగి ఉండేది. ఇంతే, రెండు చేతుల్లో పట్టేది. మూతికి చిన్న నాపరాయి చిల్ల. జేజి దినమూ మాపటేళ కొర్రబియ్యం సోలతో కొలిచి చాటలో పోసేది. కడిగే ముందు పిడికెడు తీసి, కండ్లు మూసుకొని పెదవులు కదిలించి, ఆ గురిగిలో వేసి చిల్ల పెట్టేది. ఆయమ్మకు అక్షరం రాదు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, నాలుగైదు కీర్తనలు, అంతే వచ్చు. శనివారం ఆ గురిగిని నేను గుడికి మోసేవాణ్ణి. ఇంటింటి గింజలు ఒక గోతంలో పోసి, ఆరాధన అయినాక పాట పెట్టేవాళ్ళు. ఎవరు ఎక్కువకు పాడితే వాళ్ళకు. ఆ దుడ్డుతోనే ఉపదేశికి జీతంలో కొంత, దీపానికి కిరసనాయిలు, బీదోళ్ళ సావుకు గుడ్డ. గుడిలో నేల కూడా ఆ దుడ్డుతోనే పరిచింది, ఎర్రగుంట్ల పక్క నుంచి బండ్ల మీద నాపరాళ్ళు తెచ్చి.

పిడికెడు గింజల కోసం కలిసినారని ఊరంతా అంటాంటే, ఆయమ్మ దినానికి పిడికెడు తీసి పక్కన పెడతాండింది. నేను ఎప్పుడైనా "నీకు తిక్కా జేజీ" అంటే, "ఆయన ఇచ్చిందాంట్లోదే గదరా" అనేది.

1952లో మన సీమకు మళ్ళీ కరువొచ్చింది. గంజి కేంద్రాలు పెట్టినారు. నేను చెంబు పట్టుకొని వరసలో నిలబడినోణ్ణే. ఒక రాత్రి ఇంట్లో ఏమీ లేదు, నా చెల్లెలు ఆకలికి ఏడుస్తాంది. మా అమ్మ పోయి గురిగి మూత తీసింది. తీసి, జేజి దిక్కు చూసింది. నేను జేజి తిడుతుందనుకున్నా. దేవుని సొమ్ము గదా. జేజి లేచి వచ్చి గురిగి తానే తీసి అమ్మ చేతిలో పెట్టి, "దేవునికి ఆకలి లేదు, పిల్లోళ్ళకు ఉండాది, ఉడకెయ్యి" అనింది. వానలు పడి పంట చేతికొచ్చినాక, దినానికి రెండు పిడికిళ్ళు వేయడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు, గుడిలో ఎవరికీ తెలియదు కూడా. పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించాలని ఎంతోమంది బోధకులు చెప్పగా విన్నా. నేను చూసింది మాత్రం ఆ రెండో పిడికిలి.

ఇక నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాల. నా పేరు గుడి రిజిస్టరులో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. మా నాయన రాయించింది అట్ల. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువు కానోడు షెడ్యూల్డు కులం కాదని. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. మనల్ని చేర్చలేదు. ఊర్లో మనల్ని తాకనోడు మన మతం మారిందని తాకడం మొదలుపెట్టలేదు గానీ, సర్కారు మాత్రం మారినారు పొండి అనింది. అందుకని ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు. నేను చదువుకున్నా, ఉద్యోగం చేసినా, మిమ్మల్ని చదివించినా, అదంతా సోమవారం పేరు మీదే. అది పాపమా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నా. జేజిని బతికుండగా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వచ్చే నెల నువ్వు ఫారం నింపల్ల గదా, మతం అనే గడి కాడ ఏం రాయాలని మొన్న మీ అమ్మను అడిగినావంట. నేను రాయమని చెప్పను, వద్దని చెప్పను. తెలిసి రాయి, అంతే. మన రాష్ట్రంలో ఎస్సీకి నూటికి 15. క్రైస్తవుడని రాసుకుంటే బీసీ-సీ. దానికి నూటికి 1.