నాస్తికుడు

‘న అస్తి’ అంటే లేదు అని. ఏది లేదు? ఈ మాటకు సంబంధించిన పాణిని వ్యాకరణ సూత్రానికి వ్యాఖ్యాతలు చెప్పింది పరలోకం లేదనేవాడని. మనుస్మృతికి వేదాన్ని నిందించేవాడే నాస్తికుడు. అందుకే సృష్టికర్తను ఒప్పుకోకపోయినా వేదాన్ని నమ్మే మీమాంసకులు ఆస్తికులయ్యారు, బౌద్ధులూ జైనులూ నాస్తికులయ్యారు. దేవుడు లేడనేవాడన్న అర్థం తర్వాత స్థిరపడింది.

తెలుగునాట చాలాకాలం ఇది తిట్టు. నాస్తికోద్యమ నాయకుడు గోరా దాన్ని తలెత్తుకుని చెప్పుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా ఇంటికి 1960లో కోడలిగా వచ్చింది దళిత మహాకవి జాషువా కూతురు హేమలత. దేవుణ్ణి కాదన్న ఆ ఇల్లు కులాన్నీ కాదంది. ఇంత చరిత్ర ఉన్న మాటను తిట్టుగా వాడటం ఇకనైనా మానుదాం.