రానా ప్లాజా, బంగ్లాదేశ్ అకార్డ్

బంగ్లాదేశ్ రాజధాని ఢాకా శివారులోని సావార్‌లో 2013 ఏప్రిల్ 24 ఉదయం రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కుప్పకూలింది. 1,134 మంది చనిపోయారు, రెండు వేల మందికి పైగా గాయపడ్డారు. మృతుల్లో అత్యధికులు పై అంతస్తుల్లోని ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో యూరప్, అమెరికా కంపెనీలకు బట్టలు కుట్టేవారు. ఈ ఘోరం తర్వాత ఫాస్ట్ ఫ్యాషన్ మీద ఎగసిన నిరసన నుంచి పుట్టిన భద్రతా ఒప్పందమే బంగ్లాదేశ్ అకార్డ్. కొనేవారి మనస్సాక్షి కంపెనీల మీద ఒత్తిడి తేగలదు. కానీ కుట్టేవారి ప్రాణానికి భరోసా దొరికింది, ఆ ఒత్తిడి మాట తప్పడానికి వీల్లేని ఒప్పందంగా మారినప్పుడే. అకార్డ్ చరిత్ర నేర్పే పాఠం ఇదే.

నేపథ్యం

ఫాస్ట్ ఫ్యాషన్‌లో దుకాణానికి వారం వారం కొత్త సరుకు రావాలి, అదీ చౌకగా రావాలి. పేరున్న కంపెనీలకు చాలావరకు సొంత ఫ్యాక్టరీలు ఉండవు. డిజైను, గడువు, ధర తాము నిర్ణయించి, కుట్టే పని ఎక్కడో ఉన్న యజమానులకు అప్పగిస్తాయి. గడువు దాటితే నష్టం ఫ్యాక్టరీదే. దాంతో యజమాని ఆ భారాన్ని కార్మికుల మీదకు నెడతాడు. రానా ప్లాజాలో జరిగింది కూడా అదే. భవనం పై అంతస్తులు అనుమతి లేకుండా కట్టినవి. కూలడానికి ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూతపడ్డాయి. కుట్టు కార్మికులను మాత్రం జీతం కోస్తామని బెదిరించి మర్నాడు లోపలికి పంపారు. ఆ ఐదు ఫ్యాక్టరీల్లో ఒక్కదానిలోనూ కార్మిక సంఘం లేదు. ప్రమాదమని తెలిసినా అందరి తరఫున అడ్డం తిరిగి 'మేం లోపలికి రాము' అనే గొంతు అక్కడ లేదు.

అప్పటికి తనిఖీలు లేకపోలేదు. కంపెనీలు తామే డబ్బిచ్చి ప్రైవేటు సంస్థలతో ఫ్యాక్టరీలను తనిఖీ చేయించుకునేవి. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా మరణించారు. దానికి కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 అనే అంతర్జాతీయ ధ్రువపత్రం దక్కింది. నిప్పు ఎవరో పెట్టిందేనని తర్వాత కోర్టు తేల్చింది. అయినా అంతమంది ప్రాణాలు పోయింది బయటపడే దారి లేకపోవడం వల్లే. అదే ఏడాది నవంబరులో ఢాకా దగ్గర తజ్రీన్ ఫ్యాక్టరీలో మంటలు కనీసం 112 మందిని బలిగొన్నాయి. రానా ప్లాజాలోని ఫ్యాక్టరీలు కొన్నింటికి కూడా తనిఖీలు జరిగాయి, కానీ భవనం నిలుస్తుందా లేదా అన్నది వాటి పరిధిలోకి రాలేదు. తనిఖీకి డబ్బిచ్చేది కంపెనీ, నివేదిక చేరేది కంపెనీకి. లోపల పనిచేసే మనిషికి అందులో ఏముందో తెలిసే దారే లేదు.

ఉద్యమం, ఒప్పందం

శిథిలాల్లో దొరికిన లేబుళ్లే ఉద్యమకారులకు తొలి సాక్ష్యాలయ్యాయి. అక్కడ మా బట్టలు కుట్టించలేదని చెప్పిన కంపెనీల ముందు వాటిని పెట్టి జవాబు అడిగారు. 1989లో నెదర్లాండ్స్‌లో మొదలైన క్లీన్ క్లోత్స్ క్యాంపెయిన్ పరిహారం కోసం పోరాడింది. 'నా బట్టలు కుట్టిందెవరు?' అన్న ప్రశ్నను ఫ్యాషన్ రివల్యూషన్ ఉద్యమం కొనుగోలుదారుల నోటికి అందించింది. అయినా కంపెనీల స్వచ్ఛంద విరాళాల మీద ఆధారపడిన పరిహార నిధి 3 కోట్ల డాలర్ల లక్ష్యానికి చేరేసరికి 2015 జూన్ వచ్చింది. దయ మీద నడిచే న్యాయానికి రెండేళ్లు పట్టిందన్నమాట.

2013 మేలో కుదిరిన అకార్డ్ దారి వేరు. ఒకవైపు అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు ఇండస్ట్రియాల్, యూఎన్ఐ సంతకం చేశాయి, మరోవైపు క్రమంగా 200కు పైగా కంపెనీలు చేరాయి. దాదాపు 1,600 ఫ్యాక్టరీలు, 20 లక్షల మంది కార్మికులు దీని పరిధిలోకి వచ్చారు. ఒప్పందం ప్రకారం స్వతంత్ర ఇంజినీర్లు తనిఖీ చేయాలి, వారి నివేదికలు అందరికీ అందుబాటులో ఉంచాలి. మరమ్మతులకు డబ్బు సమకూరేలా కంపెనీలు చూడాలి. ప్రమాదకరమైన చోట పని చేయనని చెప్పే హక్కు కార్మికుడికి ఉండాలి. బాగుచేయడానికి ఒప్పుకోని ఫ్యాక్టరీతో సభ్య కంపెనీలన్నీ వ్యాపారం మానుకోవాలి. మాట తప్పిన కంపెనీని మధ్యవర్తిత్వానికి ఈడ్చవచ్చు. ఇది కాగితానికే పరిమితం కాలేదు. మరమ్మతుల్లో జాప్యం జరిగిందని సంఘాలు ఫిర్యాదు చేసిన కేసు హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి చేరింది. 2018 జనవరిలో ఒక కంపెనీ 23 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని రాజీపడింది.

అభ్యంతరాలు

కట్టుబాట్లు పెరిగితే ఆర్డర్లు వేరే దేశానికి పోతాయి, పేదల పనే పోతుందన్నది మొదటి అభ్యంతరం. ఆ భయం నిజం కాలేదు. 2012-13లో సుమారు 2,150 కోట్ల డాలర్లున్న బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతులు 2017-18 నాటికి 3,060 కోట్లకు పెరిగాయి. అకార్డ్ వల్లే ఎగుమతులు పెరిగాయనలేం, కానీ భద్రత పరిశ్రమను ముంచలేదన్నది స్పష్టం. చౌక బట్ట పేదవాడికి అవసరం కదా అన్నది రెండోది. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే దుకాణంలో చొక్కా ధరలో కుట్టుకూలి వాటా చాలా చిన్నది. కూలి కాస్త పెంచినంత మాత్రాన పేదవాడి ఒంటి మీద చొక్కా కరువవదు. విదేశీ కంపెనీలు, సంఘాలు దేశంలో పెత్తనం చేస్తున్నాయన్న విమర్శ మూడోది. అందులో కొంత న్యాయముంది. ప్రజలకు జవాబుదారీ అయిన ప్రభుత్వమే ఈ తనిఖీల పని చేయాలి. 2020లో తనిఖీ బాధ్యత ఆర్ఎంజీ సస్టైనబిలిటీ కౌన్సిల్ అనే స్థానిక సంస్థకు మారింది. యజమానులు, కంపెనీలు, సంఘాలు ముగ్గురికీ అందులో చోటుంది. కానీ సరుకు ధర సముద్రాల అవతల నిర్ణయమవుతున్నప్పుడు, బాధ్యత కూడా అక్కడిదాకా వెళ్లక తప్పదు.

విస్తరణ, పరిమితులు

2021లో బంగ్లాదేశ్ అకార్డ్ అంతర్జాతీయ అకార్డ్ అయింది, 2023లో పాకిస్తాన్‌కు విస్తరించింది. మన పక్కనే తమిళనాడులో, దళిత మహిళా కార్మికురాలి హత్య తర్వాత, లైంగిక వేధింపులకు అడ్డుకట్ట వేయడానికి 2022లో కుదిరిన దిండిగల్ ఒప్పందానిదీ ఇదే బాట. సంఘం, ఫ్యాక్టరీ, కంపెనీ మూడూ అందులో కట్టుబడ్డాయి.

అకార్డ్ చేయి చేరని చోటు వేతనం. 2023లో కనీస వేతనం నెలకు 23,000 టాకాలు కావాలని బంగ్లాదేశ్ కార్మికులు వీధికెక్కారు. ఆ ఆందోళనల్లో ప్రాణాలు పోయాయి. చివరికి ఖరారైంది 12,500. భవనం కూలకుండా చూడమని ఒప్పందం కంపెనీని కట్టడి చేసింది. ఆర్డరుకు ఎంత ధర ఇవ్వాలో మాత్రం కంపెనీ ఇష్టానికే వదిలేసింది. గోడల విషయంలో సాధ్యమైన కట్టుబాటు కూలి విషయంలో సాధ్యం కాదనడానికి ఆధారం లేదు. నైతిక వస్త్రోద్యమం ఇకపై సాధించాల్సింది ధరను కూడా ఆ ఒప్పందంలోకి తేవడమే.